పని లేదా? పని కాలేదా?

"సార్, ఈ ఏడు సావనీరుకి మీరొక సైన్సు వ్యాసం రాసివ్వాలండీ. కాని మా ఆర్ట్సు వాళ్లకి కూడా అర్థం కావాలి" అని మన విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు వెంటనే ఒప్పేసుకున్నాను. కృత్రిమ మేధ గురించీ, అంతరిక్షం గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది అంత పెద్ద విషయం కాదు. కంప్యూటర్లలోకి సాఫ్ట్‌వేరు ఎక్కించే చిన్న చిన్న ప్రోగ్రాముల గురించీ, వాటిని బాగుచేయడం గురించీ. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. దానితోనే మొదలుపెడతాను.

అది 2019. మర్నాడు పొద్దున సి భాషలో ప్రాక్టికల్ పరీక్ష. మన లాబొరేటరీలో 36 యంత్రాలు, అన్నింటిలోనూ ఉబుంటు లినక్స్. వాటిలో కంపైలరూ, ఇంకో రెండు ప్రోగ్రాములూ ఎక్కించాలి. ఒక్కొక్కదాని ముందు కూర్చుని ఎక్కిస్తే రాత్రంతా పడుతుంది. అందుకని నా బల్ల దగ్గర నుంచే 36 యంత్రాలకూ ఒకేసారి ఆజ్ఞ పంపే ఆటోమేషన్ సాఫ్ట్‌వేరు వాడాను. దానిలోకి నేనే సొంతంగా రాసుకున్న ఒక చిన్న మాడ్యూలు కూడా చేర్చాను. పావుగంటలో తెరమీద 36 వరుసలు పచ్చగా కనిపించాయి. తాళం వేసి హాయిగా ఇంటికి పోయాను.

మర్నాడు పరీక్ష మొదలైన రెండు నిమిషాలకే వెనక వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, ఇందులో కంపైలర్ లేదండీ" అంది. తర్వాత ఇంకో చెయ్యి. మొత్తం 9 యంత్రాల్లో లేదు! బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరుగారు గడియారం చూసుకుంటున్నారు. మా అటెండరు నా దగ్గరకొచ్చి మెల్లిగా, "రాత్రి అన్నీ పచ్చగానే ఉన్నాయి కదండీ!" అన్నాడు. ఉన్నాయి మరి. ఆ తొమ్మిదిమంది పిల్లలకీ 40 నిమిషాలు పోయాయి. తర్వాత వాళ్లకి అదనపు సమయం ఇచ్చామనుకోండి, కాని ఆ కంగారులో పోయిన ధైర్యాన్ని ఎక్కడ నుంచి తెచ్చివ్వగలం?

యంత్రం అబద్ధం చెప్పింది. చెప్పేట్టు రాసినవాణ్ణి నేను. ఎలా జరిగిందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ప్యాకేజీ అంటే?

లినక్స్‌లో ఒక ప్రోగ్రాము కావాలంటే దాని ఫైళ్లన్నీ ఒక మూటగా దొరుకుతాయి. ఆ మూటే ప్యాకేజీ. మూట మీద ఒక చీటీ ఉంటుంది: పేరేమిటి, ఎన్నో కూర్పు, పనిచేయడానికి ఇంకే మూటలు కావాలి అని. ఒక మూటకి ఇంకో నాలుగు కావచ్చు, ఆ నాలుగింటికీ ఇంకో పది కావచ్చు. పెళ్లికి ఒకర్ని పిలిస్తే వాళ్ల వెంట చుట్టాలందరూ వచ్చినట్టు! 2023లో వచ్చిన డెబియన్ 12లో ఇలాంటి ప్యాకేజీలు 64 వేలకు పైగా ఉన్నాయి. ఈ చుట్టరికాలన్నీ చూసుకుని, తెచ్చి, విప్పి, సర్ది, పద్దు రాసుకునే ప్రోగ్రామునే ప్యాకేజీ మేనేజరు అంటారు.

ఇవి ఒకటి కాదు, చాలా ఉన్నాయి. డెబియన్ వాళ్ల ఆప్ట్ 1999లో డెబియన్ 2.1తో పాటు వాడుకలోకి వచ్చింది. ఉబుంటులోనూ అదే. రెడ్ హ్యాట్ వంశానిది ఆర్పీఎమ్. దాని మీద యమ్, ఆ తర్వాత డీఎన్ఎఫ్. ఆర్చ్ లినక్స్ వాళ్లది ప్యాక్‌మ్యాన్. అందరూ చేసే పని ఒకటే, మాట తీరు మాత్రం ఎవరిది వాళ్లదే. ఆఖరికి సరుకు పేర్లు కూడా తేడాయే. వెబ్ సర్వరు అపాచీని డెబియన్‌లో అపాచీ2 అని అడగాలి, రెడ్ హ్యాట్‌లో హెచ్‌టీటీపీడీ అని అడగాలి.

దూరం నుంచి పని చేయించడం

ఒక్క యంత్రమైతే మనమే ఆజ్ఞ కొట్టుకుంటాం. వందలూ వేలూ ఉన్నప్పుడు ఆటోమేషన్ కావాలి. ఈ పనికి వాడేవాటిలో బాగా ప్రసిద్ధమైనది ఆన్సిబుల్. మైకేల్ డెహాన్ అనే అమెరికన్ దీన్ని 2012లో విడుదల చేశాడు. 2015లో రెడ్ హ్యాట్ సంస్థ కొనుక్కుంది. ఆ పేరు ఉర్సులా లెగ్విన్ అనే రచయిత్రి 1966 నాటి సైన్సు నవలలోది. గ్రహాల మధ్య క్షణంలో కబురు పంపే సాధనానికి ఆవిడ పెట్టిన పేరది.

ఆన్సిబుల్ పనిచేసే తీరు చాలా సులువు. ఏ యంత్రంలో ఏది ఉండాలో మనం ఒక కాగితం మీద రాసినట్టు ఫైల్లో రాస్తాం. ఆన్సిబుల్ ఆ యంత్రంలోకి భద్రమైన దారిలో వెళ్లి, ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామును అక్కడ దింపుతుంది. ఆ ప్రోగ్రాము పని చేసి, ఏం జరిగిందో జవాబు పంపుతుంది. తర్వాత దాన్ని అక్కణ్ణుంచి తీసేస్తుంది. ఆ చిన్న ప్రోగ్రామే మాడ్యూలు. ఆప్ట్‌తో మాట్లాడటానికి ఒక మాడ్యూలు, డీఎన్ఎఫ్‌తో మాట్లాడటానికి ఇంకోటి, ప్యాక్‌మ్యాన్‌తో మాట్లాడటానికి మరోటి. మాడ్యూలంటే ఒక విధంగా దుబాసీ అన్నమాట.

ఆ ఫైల్లో రాసే మాటలు విద్యార్థులకు కొత్తేమీ కాదు. ఒక ప్యాకేజీ ఉండాలంటే "ప్రెజెంట్" అని రాయాలి. ఉండకూడదంటే "ఆబ్సెంట్". హాజరుపట్టీలో రాసే మాటలే!

ఉప్పు కథ

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అమ్మ మీతో, "కొట్టుకెళ్లి ఒక ఉప్పు ప్యాకెట్టు తేరా" అందనుకోండి. పదిసార్లు అంటే ఇంట్లో పది ప్యాకెట్లు చేరతాయి. అలా కాకుండా, "ఇంట్లో ఉప్పు ఉండేట్టు చూడు" అందనుకోండి. మీరు ముందు డబ్బా మూత తీసి చూస్తారు. ఉంటే ఊరుకుంటారు, లేకపోతే తెస్తారు. ఈ మాట పదిసార్లు అన్నా ఇంట్లో ఉండేది ఒక్క ప్యాకెట్టే. ఎన్నిసార్లు చేసినా ఫలితం మారని ఈ గుణానికి బెంజమిన్ పియర్స్ అనే గణితశాస్త్రజ్ఞుడు 1870లో ఐడెంపొటెన్స్ అని పేరు పెట్టాడు. ప్యాకేజీ మాడ్యూలుకి ప్రాణం ఇదే. ముందు చూడాలి, అవసరమైతేనే చేయాలి.

ఇక్కడొక చిక్కుంది. మీరు ఖాళీ చేతులతో నిలబడి ఉన్నారు. దానికి అర్థమేమిటి? డబ్బాలో ఉప్పు ఉందనా, లేక కొట్టు మూసేశారనా? రెండు సందర్భాల్లోనూ చేతులు ఖాళీయే. కాని మొదటిదైతే అమ్మ నిశ్చింతగా వంట మొదలుపెడుతుంది. రెండోదైతే పక్కింటికి పరుగెత్తాలి. అందుకే మీరు నోరు తెరిచి చెప్పాలి: "పని లేదు" అనా, "పని కాలేదు" అనా?

ఆన్సిబుల్ మాడ్యూలు ఇచ్చే జవాబులు ముఖ్యంగా మూడు. "ముందే ఉంది, ఏమీ మార్చలేదు" అంటే తెర మీద ఆకుపచ్చ. "లేదు, ఎక్కించాను" అంటే పసుపు. "నా వల్ల కాలేదు" అంటే ఎరుపు. ఈ మూడింటి మధ్య సరిహద్దు సరిగా గీయడమే మాడ్యూలు రాసేవాడి పని. మిగతాదంతా ప్యాకేజీ మేనేజరే చూసుకుంటుంది.

నా మాడ్యూలు ఏం చేసింది? ఎక్కించమని ఆప్ట్‌కి చెప్పి, అది తెర మీద రాసే మాటల్లో "ఎక్కించాను" అనే అర్థం వచ్చే ముక్క కోసం వెతికింది. కనిపిస్తే పసుపు. కనిపించకపోతే "ముందే ఉండి ఉంటుందిలే" అని ఆకుపచ్చ. ఆ "ఉండి ఉంటుందిలే" దగ్గరే కొంప మునిగింది. ఆ సాయంత్రం ఆ 9 యంత్రాలనూ అప్పుడే ఆన్ చేశాం. ఉబుంటు యంత్రాలకి భద్రతా సవరణలను తమంతట తామే తెచ్చుకునే ఏర్పాటు ఉంటుంది. అది నడుస్తున్నంతసేపూ ప్యాకేజీల పద్దుకి తాళం పడి ఉంటుంది, ఇంకొకరు ముట్టుకోకుండా. నా ఆజ్ఞ వెళ్లింది. "తాళం దొరకలేదు" అని ఆప్ట్ స్పష్టంగానే చెప్పింది. అంతేకాదు, తప్పు జరిగినప్పుడు అది 100 అనే అంకెను జవాబుగా ఇస్తుంది. అంతా సవ్యంగా ఉంటే సున్నా. నేను ఆ అంకెను చూడనే లేదు! రాని విద్యార్థికి పక్కవాడు ప్రాక్సీ చెప్పినట్టు, లేని కంపైలరుకి నా మాడ్యూలు "ప్రెజెంట్ సార్" అని చెప్పేసింది.

మాడ్యూళ్లు ఎక్కడ చెడతాయి?

ఆ దెబ్బతో నేను అసలైన మాడ్యూళ్లను తెరిచి చదవడం మొదలుపెట్టాను. వీటి మూలం అందరికీ బహిరంగమే కాబట్టి ఎవరైనా చదువుకోవచ్చు. చదివిన కొద్దీ తెలిసిందేమంటే, చెడే చోట్లు దాదాపు అన్నింటికీ ఒకటే.

మొదటిది, మాటలు చదివి అర్థం చేసుకోవడం. ఆప్ట్ మాడ్యూల్లో కూడా "జీరో అప్‌గ్రేడెడ్, జీరో న్యూలీ ఇన్‌స్టాల్డ్" అనే వాక్యం ఉందా అని చూసే చోటు ఉంది. యంత్రం భాష ఫ్రెంచికో జర్మనుకో మార్చి ఉంటే ఆ ఇంగ్లీషు వాక్యం రాదు కదా? అందుకే ఆజ్ఞ పంపే ముందు ఆ మాడ్యూలు, "నాతో మాట్లాడేటంతసేపూ మామూలు భాషలోనే మాట్లాడు" అని నియమం పెడుతుంది. దీన్ని సి లొకేల్ అంటారు. ఈ ఒక్క వరుస మరిచిపోతే, ఒక దేశంలో బాగా నడిచే మాడ్యూలు ఇంకో దేశంలో తికమకపడుతుంది. కంప్యూటరు తెరలు తెలుగులో రావాలని కోరుకునే మనం ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

రెండోది, ఒక్కొక్క ప్యాకేజీకి ఒక్కొక్కసారి తిరగడం. ఇరవై సరుకులకి ఇరవైసార్లు కొట్టుకి వెళ్లినట్టు. ప్యాక్‌మ్యాన్ మాడ్యూలు చాలాకాలం ఇలాగే పనిచేసింది. పైగా వాడేవాళ్లు సెట్టింగుల్లో జాబితా కనిపించే తీరు మార్చుకుంటే, దాని జవాబులు మాడ్యూలుకి అర్థమయ్యేవి కావు. 2022లో దాన్ని మొత్తం తిరగరాశారు. ఇప్పుడు కావలసినవన్నీ కలిపి ఒకేసారి అడుగుతుంది, జాబితా ఎలా కనిపించినా తడబడదు, వేగం కూడా బాగా పెరిగింది. వాడేవాళ్లు తమ ఫైళ్లలో ఒక్క అక్షరం మార్చనక్కర లేకుండానే ఈ మేలు జరిగింది. మరమ్మత్తంటే అలా ఉండాలి.

మూడోది తాళం. నన్ను ముంచింది ఇదే. 2019 నాటి ఆప్ట్ మాడ్యూలు తాళం దొరక్కపోతే వెంటనే ఎర్రబడేది. అదీ ఇబ్బందే, కాని నిజాయితీగల ఇబ్బంది. 2021లో వచ్చిన ఆన్సిబుల్ కోర్ 2.12లో కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించే సౌకర్యం చేర్చారు. మనమేమీ చెప్పకపోతే 60 సెకన్లు ఆగుతుంది. అప్పటికీ దొరక్కపోతే "కాలేదు" అంటుంది. చూశారా? ఓపిక నేర్పారు గాని, అబద్ధం నేర్పలేదు.

నాలుగోది "చెక్ మోడ్". అంటే, "ఏమీ చేయకు, చేస్తే ఏమవుతుందో మాత్రం చెప్పు" అని అడగడం. పెద్ద మార్పులకు ముందు జాగ్రత్తపరులు ఇలా అడిగి చూసుకుంటారు. ఉత్తినే చెప్పమంటే నిజంగానే ఎక్కించేసే మాడ్యూలు ఎంత ప్రమాదమో ఆలోచించండి!

కాళ్ల కింద నేల కదిలితే

ఇవన్నీ మన తప్పులు. మన తప్పు లేకుండా కూడా మాడ్యూళ్లు చెడతాయి. దీనికి యమ్ కథ మంచి ఉదాహరణ.

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సెత్ వైడల్ యమ్‌ను తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు. 2012లో ఆన్సిబుల్‌కి యమ్ మాడ్యూలు రాసింది కూడా అతనే. 2013లో సైకిల్ మీద వెళుతుండగా కారు గుద్ది చనిపోయాడు. అతని మాడ్యూలు మాత్రం ఆగలేదు. ఎవరెవరో, ఎక్కడెక్కడి వాళ్లో దానికి అతుకులు వేస్తూ నడిపించారు. కాని యమ్ పైథాన్ 2 మీద నిలబడింది. 2015లో ఫెడోరా 22 యమ్‌ను వదిలి డీఎన్ఎఫ్‌కి మారింది. 2019లో రెడ్ హ్యాట్ 8 కూడా ఆ దారే పట్టింది. 2020 జనవరి 1తో పైథాన్ 2కే కాలం చెల్లింది. చివరికి 2024లో ఆన్సిబుల్ కోర్ 2.17లో యమ్ మాడ్యూలును తీసేసి, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే డీఎన్ఎఫ్ మాడ్యూలు పలికేట్టు ఏర్పాటు చేశారు. పాత పేరుతో రాసుకున్న ఫైళ్లను వీలైనంతవరకు గాలికి వదిలేయకూడదని.

అంతటితో అయిపోలేదు. అదే 2.17, తను వెళ్లి పనిచేసే యంత్రాల్లో పైథాన్ 3.6ని ఇక చేరదీయనంది. రెడ్ హ్యాట్ 8లో డీఎన్ఎఫ్ లైబ్రరీ సరిగ్గా ఆ 3.6కే కట్టుబడి ఉంది. పక్కన కొత్త పైథాన్ వేసుకున్నా ఆ లైబ్రరీ దానికి అందదు. దాంతో ఆ యంత్రాలు చూసుకునేవాళ్లు చాలామంది పాత ఆన్సిబుల్‌నే పట్టుకుని ఉండవలసి వచ్చింది. ఇంకోవైపు 2024లోనే ఫెడోరా 41 డీఎన్ఎఫ్5కి మారింది. దానికోసం 2023లోనే, ఆన్సిబుల్ కోర్ 2.15లో, వేరే మాడ్యూలు సిద్ధం చేసి పెట్టారు. ముందు చూపంటే అదీ. కొత్త మేనేజరు వచ్చినప్పుడల్లా, పాత మాడ్యూలుకు తెలిసిన మూడు జవాబులనూ కొత్తదానికి మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.

బాగుచేయడం ఎలా?

"ఇదంతా పెద్ద ఇంజనీర్ల పని కదండీ" అని మీరనవచ్చు. కాదు. ఆప్ట్, డీఎన్ఎఫ్ వంటి కొన్ని మాడ్యూళ్లు ఆన్సిబుల్ కోర్‌లోనే ఉన్నా, 2020 తర్వాత ప్యాక్‌మ్యాన్ లాంటివి చాలావరకు కమ్యూనిటీ జనరల్ అనే వేరే సంపుటిలోకి వెళ్లాయి. ఏ దేశం నుంచైనా, ఎవరైనా వీటికి సవరణ పంపవచ్చు. పద్ధతి మాత్రం ఒకటుంది.

ముందు తప్పును మళ్లీ జరిగేట్టు చేసి చూపాలి. "నా యంత్రంలో పనిచేయడం లేదు" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ లినక్స్, ఏ కూర్పు, ఏం రాశారు, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నీ రాయాలి. డాక్టరు దగ్గర రోగి చెప్పుకున్నంత వివరంగా.

తర్వాత పరీక్ష రాయాలి, సవరణ కంటే ముందు. ప్యాకేజీ మాడ్యూలుకి నాలుగు మెట్ల పరీక్ష ఉంటుంది. మొదట చెక్ మోడ్‌లో అడగాలి: "మారుస్తాను" అనాలి, కాని మార్చకూడదు. రెండోసారి నిజంగా నడపాలి: పసుపు రావాలి. మూడోసారి అదే మళ్లీ నడపాలి: ఈసారి ఆకుపచ్చ రావాలి. నాలుగోసారి లేని ప్యాకేజీ పేరు ఇవ్వాలి: ఎరుపు వచ్చి తీరాలి. నా మాడ్యూలుకి ఈ నాలుగో పరీక్ష పెట్టి ఉంటే ఆ రాత్రే దొంగ దొరికిపోయేవాడు. అందరం గెలిచే పరీక్షలే పెట్టుకుంటాం, ఓడిపోయే పరీక్ష పెట్టుకోం. అక్కడే వస్తుంది తంటా.

ఆ తర్వాతే సవరణ. అదీ చిన్నదిగా, ఒక తప్పుకి ఒక సవరణగా ఉండాలి. దానితో పాటు ఏం మార్చామో రెండు మూడు వాక్యాల చీటీ కూడా జతచేయాలి. వాడేవాళ్లకి తెలియాలి కదా! చాలాసార్లు అసలు మార్పు మూడు వరుసలే ఉంటుంది, దాని చుట్టూ పరీక్షలూ వివరణా ముప్ఫై వరుసలు.

ఇంతకీ నా మాడ్యూలు ఏమయింది?

మొదట బాగుచేద్దామనే కూర్చున్నాను. జవాబు అంకె చూడటం చేర్చాను. తాళం కోసం ఆగడం చేర్చాను. చెక్ మోడ్ దగ్గరకొచ్చేసరికి బుద్ధొచ్చింది. నేను తిరిగి కనిపెడుతున్నవన్నీ అసలు ఆప్ట్ మాడ్యూల్లో ఎన్నో చేతులు మారి, ఎన్నో దెబ్బలు తిని స్థిరపడ్డవే. నాది తీసి పక్కన పారేసి దాన్నే వాడటం మొదలుపెట్టాను. బాగుచేయడంలో ఇది కూడా ఒక రకమే అనుకుంటాను.

తర్వాతి సెమిస్టరు పరీక్షకి ముందురోజు సాయంత్రం మళ్లీ 36 యంత్రాలకీ ఆజ్ఞ పంపాను. ఈసారి 34 పసుపు, 2 ఎరుపు. మా అటెండరు కంగారుగా, "ఇదేంటండీ, ఈసారి ఎర్రగా వచ్చాయి!" అన్నాడు. "ఎర్రగా వచ్చాయి కాబట్టే ఇవాళ మనం ఇంటికెళ్లి నిద్రపోతాం" అన్నాను. ఒకదానిలో డిస్కు నిండిపోయింది. రెండోదానిలో తాళం ఇంకా వదల్లేదు. అరగంటలో రెండూ సరిచేశాం. మళ్లీ నడిపితే 36 ఆకుపచ్చలు. ఈసారి ఆ రంగును నమ్మవచ్చు.

పరీక్ష పొద్దున ఎవరూ చెయ్యెత్తలేదు. లెక్కల విభాగం వాళ్లకీ, చరిత్ర విభాగం వాళ్లకీ కూడా నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎవరికైనా పని అప్పగించినప్పుడు, మనిషికైనా యంత్రానికైనా, "కాలేదు" అని చెప్పే వీలు ముందు కల్పించండి. ఇక కంప్యూటరు విద్యార్థులకి ఒక చిన్న హోంవర్కు. మీరు రాసిన ఏదో ఒక ప్రోగ్రామును ఈ రాత్రి తెరవండి. పని జరగకపోతే అది ఏమంటుందో చూడండి. "ప్రెజెంట్ సార్" అంటే మాత్రం, రేపు పొద్దున నా దగ్గరకి తీసుకురండి. ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.